దారం లేని ముక్క

ఆ ల్యాబులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న టెక్నీషియన్‌ను అందరూ మిల్లీమీటరక్క అంటారు. ఎదురుగా మాత్రం ఎవరూ అనరు. అన్నా ఆవిడ పట్టించుకోదు. ఆవిడకు ఒళ్లు మండేది వేరే సంగతికి.

ఆ సంగతే ఓ సోమవారం సీసాలో వచ్చింది. నాలుక అంచు నుంచి తీసిన పుండు, చుట్టూ కాస్త మంచి కండతో సహా, మందునీళ్లలో మునిగి ఉంది. ఏది ముందు, ఏది పైన అన్న గుర్తుకు సర్జన్ కుట్టి పంపాల్సిన దారం మాత్రం లేదు. కాగితం మీద "బస్సు డ్రైవరు, నలభై ఆరేళ్లు, నాలుక" అని గీకి పడేశారు.

"నా ఖర్మ!" అని ఆవిడ తల కొట్టుకుంది. పుండు ఎంత లోతుకు దిగిందో చూసే, క్యాన్సరు మెడలోని లింఫు గ్రంథులకు పాకి ఉంటుందా లేదా అని డాక్టర్లు అంచనా కడతారు. నాలుగు మిల్లీమీటర్లు దాటిందంటే మెడను అనుమానించాల్సిందే. ఏ వైపు ఏదో తెలియక ముక్కను ఏటవాలుగా కోస్తే ఆ లెక్క కాస్తా అబద్ధమైపోతుంది.

ఫోన్ చేస్తే కుర్ర సర్జన్ ఎత్తాడు.

"అక్కా, స్కానులో మెడ శుభ్రంగా ఉంది. ఎలాగోలా కోసేయండి. రిపోర్టు తొందరగా కావాలి."

"ఆవగింజలో సగం ఉన్న మచ్చ స్కానుకు కనపడుతుందా సార్? మీరొచ్చి ఏ వైపు ఏదో చూపిస్తేగానీ కత్తి పెట్టనివ్వను."

"బయట యాభై మంది కూర్చున్నారు!"

"ఈయనా అలా కూర్చుని వచ్చినవాడే కదా సార్."

అవతల ఫోన్ పెట్టేశాడు. లిఫ్టు పనిచేయడం లేదు. సీసా పట్టుకుని, మోకాళ్లను తిట్టుకుంటూ, మూడంతస్తులు ఎక్కి అతని బల్ల మీద పెట్టింది.

అతను ముక్కను అటూ ఇటూ తిప్పాడు. "ఇది ముందు... కాదు, ఇదీ..."

"కోసింది మీరే కదా సార్!"

చివరికి ఆపరేషనప్పుడు తీసిన ఫొటో అతని ఫోనులోనే దొరికింది. దాన్ని చూసి, సూది తెప్పించుకుని, దారం కుట్టాడు. ఆవిడ కిందికి దిగి, ఏ వైపు ఏదో గుర్తుండేలా అంచులకు రంగులు వేసి, ల్యాబులోని పెద్ద డాక్టరమ్మ చేత నిటారుగా కోయించింది. మైక్రోస్కోపులో తేలిన లోతు ఆరున్నర మిల్లీమీటర్లు.

రెండు వారాలకు మెడ ఆపరేషన్ జరిగింది. ల్యాబుకు ముప్ఫై ఒక్క గ్రంథులు వచ్చాయి. ఒక్కదానిలో, స్కాను చూడలేని క్యాన్సరు మచ్చ ఉంది. ఈసారి సర్జన్ తనే ల్యాబుకు దిగి వచ్చాడు.

"అక్కా, మీరు పట్టుబట్టకపోతే మెడను వదిలేసేవాణ్ణి."

"నన్ను పొగడకండి సార్, చిరాకేస్తుంది. ఆ పుండు ఐదు నెలల నాటిదట. ముగ్గురు డాక్టర్లు నోటిపూత అని పూతమందే రాశారట. ఆయన భార్య చెప్పి ఏడ్చింది. అప్పుడే చూసుంటే ఇంత దూరం వచ్చేదా?"



రేడియేషన్ కూడా అయ్యాక, తర్వాతి పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. మాట కాస్త ముద్దగా వస్తోందన్న మాటేగానీ, డ్రైవరు మళ్లీ బస్సెక్కాడు. ఒకరోజు భార్యతో ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"పొగాకు మానేశారా?" అంది ఆవిడ.

"మానేసినట్టేనమ్మా. రోజుకు ఒక్కసారే."

భార్య నెత్తి బాదుకుంది. మిల్లీమీటరక్క లోపలి నుంచి బయటికి వచ్చి, అతని జేబులోని పొట్లం లాక్కుని చెత్తబుట్టలో పారేసి, ఎదురుగా కుర్చీ లాగి కూర్చోమంది. ఆ తర్వాత అరగంట సేపు ల్యాబులో పని ఆగిపోయింది.