పొలంబాట మీద అహల్య బండి

వేములపల్లి ఊళ్ళో అహల్యతో పెట్టుకుని బాగుపడినవాళ్ళు ఇంతవరకూ కనపడలేదు. పోలియో ఆమె కాళ్ళను తీసుకుపోయింది గానీ నోటి జోలికి పోలేదు. 2005లో మిర్యాలగూడలో పెట్టిన ఒక వికలాంగుల క్యాంపులో ఆమెకు చేతితో తిప్పే మూడుచక్రాల బండి ఇచ్చారు. మూడోనాడే పొలంబాట మీద అది బోల్తాపడింది. ఆమె కుడి మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది. చేతుల మీద పాకే మనిషికి చెయ్యే పోతే ఇక మిగిలేదేముంది? నాలుగు నెలలు తల్లి నర్సమ్మ ఎత్తి కూర్చోబెడితేనే కూర్చుంది.

ఆ బండి తయారుచేసిన ఇంజనీరు వెంకట్ కోదాడ నుంచి విచారణకు వచ్చాడు. మంచం పక్కన నిలబడి, "బండిలో లోపం లేదమ్మా, నీకే నడపడం చేతకాలేదు" అన్నాడు. అహల్య ఏడవలేదు. వాడి బండి ఈ చుట్టుపక్కల ఇంకొకటి రాకుండా చేస్తానని ఒట్టు పెట్టుకుంది.

పగబట్టిన మనిషికి ఓపిక ఎక్కువ. నాట్ల కాలంలో ట్రాక్టర్లు తిరిగి పొలంబాటంతా రెండు లోతైన గాడులు పడతాయి. అహల్య వాటి మధ్య దూరాన్ని నులకతాడుతో కొలిచింది. క్యాంపు బండి వెడల్పు అందులో సగమే. ఒక చక్రం గాడిలో, ఇంకోటి మధ్య గట్టు మీద ఉంటే పడక ఏం చేస్తుంది? వెల్డింగ్ షాపు మల్సూర్ చేత గాడులకు సరిపడా వెడల్పు బండి చేయించింది. ముందు చక్రాన్ని కూడా మధ్యలోంచి ఒక పక్కకు జరిపించి గాడిలో పడేట్టు చేసింది. ఎడమచేత్తో తిప్పే పిడి పెట్టించింది. అది ఇంట్లోకి పట్టేది కాదు, వాకిట్లోనే ఉండేది. కోసి, అతికించి, మళ్ళీ కోసి, ఆరేళ్ళు గడిచాయి.

2011లో నడవలేని ముప్పై మందికి ఏ బండ్లు కొనాలో తేల్చడానికి ఒక సర్కారు ఆఫీసరు వేములపల్లికి వచ్చాడు. వెంకట్ తన పాత రకం బండినే తెచ్చాడు. అహల్య తన బండిని పొలంబాట చివరిదాకా తిప్పి తెచ్చి వెంకట్ ముందు ఆపింది.

"ఇగ మీరు మీ బండి మీద కూసోండ్రి సారూ. కాళ్ళు మాత్రం కింద పెట్టొద్దు. నాకు లేవు, మీకూ లేవనుకోండ్రి."

ఆఫీసరు ముందు కాదనలేక వెంకట్ ఎక్కాడు. ఇరవై గజాలు పోకముందే బండి ఒరిగింది. అతను ఎగిరి దూకి మోకాళ్ళ దాకా బురదలో దిగబడ్డాడు.

"సూసిండ్రా సార్, ఆయన దూకిండు. ఆ ముప్పై మంది దూకలేరు" అంది అహల్య.

ఆఫీసరు అక్కడే ఆమె బండిని ఖాయం చేశాడు. అహల్యకు కడుపు నిండినట్టయింది.

వెంకట్ బురదకాళ్ళతో దగ్గరికి వచ్చాడు. "తప్పు నాదేనమ్మా. నన్ను మన్నించు" అన్నాడు.

అహల్య కొంగు కింది నుంచి వంకర చెయ్యి తీసి అతని ముందు పెట్టింది.

"నన్నెందుకడుగుతరు సారూ, దీన్నడుగుండ్రి. ఆరేండ్లాయె, నన్ను జడేసుకోనిస్తలేదు."

అతనింకా నిలబడి ఉండగానే బండి తిప్పుకుని వెళ్ళిపోయింది.