అత్తయ్య ఎక్కిన జెయింట్ వీల్

తిరువూరులో ఒక జూనియర్ కాలేజీలో నేను ఫిజిక్స్ చెబుతాను. ఆ రోజు వృత్తాకార చలనం పాఠం. తాడుకి కట్టిన రబ్బరు బంతిని తల చుట్టూ తిప్పుతూ, "తాడు బంతిని ఎప్పుడూ మధ్యకే లాగుతుంది. బంతి మాత్రం పక్కకి పోతుంటుంది. లాగే దిక్కుకీ కదిలే దిక్కుకీ మధ్య లంబకోణం. అందుకే ఆ లాగుడు చేసే పని సున్నా" అన్నాను. సున్నా అంటుండగానే ముడి ఊడి, బంతి కిటికీలోంచి వరండాలోకి ఎగిరిపోయింది. క్లాసంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వు ఆపుకోలేకపోయాను.

సాయంత్రం ఇంట్లో ఇదంతా చెబితే మా అత్తయ్య నవ్వలేదు. ఆవిడకి నవ్వడం అలవాటు లేదు. పెళ్ళై వచ్చాక ఆవిడ పళ్ళు నేను సరిగ్గా చూసిందే లేదు.

"సున్నా ఏంటి? రోట్లో పొత్రం తిప్పీ తిప్పీ నా భుజాలు పోయాయి. అది పని కాదా?"

"అది వేరు అత్తయ్యా. పిండి అడ్డుపడుతుంటే మీరు పొత్రాన్ని అది తిరిగే దిక్కుకే తోస్తారు. అది పనే."

"ఏమో, నీ చదువు మీద నాకు నమ్మకం కుదరట్లేదు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం ఇద్దరం షేర్ ఆటోలో నెమలి అనే ఊళ్ళో గుడి తిరునాళ్ళకి వెళ్ళాం. దర్శనం చేసుకుని బయటికొచ్చేసరికి ఎదురుగా జెయింట్ వీల్ తిరుగుతోంది. అత్తయ్య తలెత్తి చూస్తూ అక్కడే ఆగిపోయింది.

"ఇది కూడా సున్నాయేనా?"

"ఎక్కితే తెలుస్తుంది" అన్నాను సరదాకి. ఆవిడ కొంగు బిగించి నడుముకి దోపి, వెళ్ళి లైన్లో నిలబడింది!

మొదటి చుట్టంతా కళ్ళు మూసుకునే ఉంది. రెండో చుట్టులో తొట్టి జర్రున కిందికి దిగుతుంటే "ఓరి నాయనోయ్" అని కేక పెట్టింది. ఆ కేక ఎక్కడ ఆగిందో, నవ్వు ఎక్కడ మొదలైందో తెలియలేదు. నాకూ హుషారొచ్చింది. గాలి హోరులో అరుస్తూ పాఠం చెప్పాను.

"ఎక్కేటప్పుడు భూమి మనల్ని వెనక్కి లాగుతుంది అత్తయ్యా! దిగేటప్పుడు కలిసొస్తుంది! చుట్టు పూర్తయ్యేసరికి రెండూ కలిపి సున్నా!"

"నోర్ముయ్యవే! నా పేగులు పైనే ఉండిపోయినయ్!"

అంతలో జనరేటర్ ఆగింది. మా తొట్టి సరిగ్గా పైకొచ్చి నిలిచిపోయింది. కింద మనుషులు గుప్పెడంత కనిపిస్తున్నారు. తొట్టి కిర్రుమంటూ ఊగుతోంది. నేను ముందున్న కడ్డీని రెండు చేతులతో వాటేసుకున్నాను. అత్తయ్య నా చేతుల వంక చూసింది, నా మొహం వంక చూసింది.

"టీచరమ్మకి భయమే!" అని పకపకా నవ్వింది. ఆవిడ నవ్వుకి తొట్టి ఇంకా ఊగింది. నేను కడ్డీ వదిలి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

కింద నలుగురు మనుషులు చక్రం అంచు పట్టుకుని చేతులతో తోయసాగారు. మేం అంగుళం అంగుళం దిగుతున్నాం. వాళ్ళ చొక్కాలు చెమటకి తడిసిపోయాయి. అత్తయ్య కిందికి వంగి గట్టిగా అరిచింది.

"బాబూ! మీరు చేసేది పనేనయ్యా! మా కోడలు కూడా ఒప్పుకుంటుంది!"

"ఒప్పుకున్నానండీ!" అని నేనూ అరిచాను. పక్క తొట్టిలో వాళ్ళు మమ్మల్ని చూసి, భయం మరిచిపోయి నవ్వుతున్నారు.

దిగాక నేల కూడా తిరగడం మొదలెట్టింది. ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని, తూలుకుంటూ బజ్జీల బండి దాకా వెళ్ళి కూలబడ్డాం. వేడి మిరపకాయ బజ్జీ కొరికి, కళ్ళ నీళ్ళు పెట్టుకుని మళ్ళీ నవ్వాం.

ఇంటికొచ్చే ఆటోలో గంపలగూడెం వెళ్ళే ఒకావిడ మా పక్కన కూర్చుంది. "అరగంట పైన వేలాడామమ్మా, మబ్బులు తగిలినయ్" అని అత్తయ్య ఆవిడకి చెబుతోంది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. నేను సరిదిద్దబోయాను గానీ, నవ్వొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.