సెల్లార్ తలుపు అవతల

దయ్యాలు, గాలి సోకడాలు అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్ నడుపుతున్నాను. మూడో అంతస్తులో ఎవరో నడుస్తున్నారు ఆంటీ అని కోచింగ్ పిల్లలు పరిగెత్తుకొస్తే, పరీక్షలు దగ్గరపడితే అందరికీ అలాగే వినిపిస్తుంది, పోయి చదువుకోండి అని కసిరి పంపేదాన్ని. ఇవాళ్టికీ ఎవరైనా వచ్చి దయ్యం కథ చెబితే నవ్వేస్తాను. నా కళ్ళముందు జరిగింది ఒక్కటే ఉంది. దాని దగ్గరికొచ్చేసరికి మాత్రం నవ్వు రావడం లేదు.

మావారు నేవీలో చేశారు. మాది కాకినాడ, ఈయనదీ ఆ పక్క ఊరే. పదిహేనేళ్ళ సర్వీసు అయ్యాక బయటికొచ్చేసి, ఇక్కడ మా అన్నయ్య ఉన్నాడు కదా అని ఈ బిల్డింగు లీజుకి తీసుకుని స్థిరపడ్డాం. నేవీ అనగానే అందరూ తుపాకులు పేల్చారా అని అడుగుతారు. ఈయనది ఆ పని కాదు. ఓడకి చిల్లు పడితే, నీళ్ళు లోపలికొస్తే, మంటలంటుకుంటే చూసుకునే జట్టు. ఆ చాదస్తం ఇప్పటికీ ఒంట్లోంచి పోలేదు. మా మెట్ల కింద ఇసుక బకెట్లు, గోడకి తాళ్ళు, టార్చిలైట్లు. పిల్లలు చాటుగా మా హాస్టల్‌ని ఓడ అంటారు. ఈయన్ని కెప్టెన్ అంకుల్ అంటారు. నేను కెప్టెన్ని కాదర్రా అని ఎంత చెప్పినా వినరు.

ఆ జట్టులో సింహాచలం అని ఒకతను ఉండేవాడు. శ్రీకాకుళం వైపు మనిషి. ఈయనకి ప్రాణస్నేహితుడు. సర్వీసు చివర్లో వీళ్ళ ఓడలో ఒక ప్రమాదం జరిగింది. ఏ ఓడో, ఎక్కడో చెప్పను, ఈయనకి ఇష్టం ఉండదు. కింది గదిలోకి సముద్రం తోసుకొచ్చింది. ఆ గది తలుపు మూసేయకపోతే పక్క గదులు పోతాయి, తర్వాత ఓడే పోతుంది. మూయాల్సింది ఈయన. వీళ్ళ జట్టులో ఒక పద్ధతి ఉందట. తలుపు మీద స్పానర్‌తో కొట్టి, చెవి ఆనించి ఆగాలి. లోపల మనిషుంటే ఎదురు కొడతాడు. ఈయన కొట్టారు. జవాబు రాలేదు. పైనుంచి ఆర్డరు వచ్చింది, బిగించేశారు. సింహాచలం అవతల ఉండిపోయాడు.

ఇది నాకు ఒక్కసారే చెప్పారు. మళ్ళీ ఎత్తనివ్వలేదు. సింహాచలం భార్య పద్మ మాత్రం ఏటా ఒకసారి ఫోన్ చేస్తుంది. అన్నయ్యా, ఆయన బాధపడకుండా పోయారా అని అడుగుతుంది. అప్పటికే పోయాడమ్మా, తలుపు వేసేటప్పటికే పోయాడు అంటారు ఈయన. ఫోన్ పెట్టేశాక ఆ పూట అన్నం ముట్టరు. పాపం, తలుపు వేసేటప్పటికి అతను నిజంగా పోయాడో లేదో తెలియక కుమిలిపోతున్నారని నేను అనుకునేదాన్ని.

ఇక మా సెల్లార్ సంగతి. మా సందు పల్లంలో ఉంటుంది. గట్టిగా వాన పడితే పంజాగుట్ట వైపు ఎత్తు నుంచి వచ్చే నీళ్ళన్నీ మా గుమ్మంలోకే. సెల్లార్‌లో మోటారు, వాషింగ్ మిషన్లు, బియ్యం బస్తాలు. ఏటా తడిసి ముద్దయ్యేవి. పోయిన ఎండాకాలం ఈయన వెల్డింగ్ షాపువాడి నెత్తినెక్కి కూర్చుని, సెల్లార్ మెట్ల పైన ఒక ఇనప తలుపు చేయించారు. చుట్టూ రబ్బరు, బయటినుంచి స్పానర్‌తో బిగించే బోల్టులు. అచ్చం ఓడ తలుపేనట. ఆకుపచ్చ పెయింట్ వేయించారు. కాస్త వాన పడినా దాన్ని మూసేవారు. మూసిన ప్రతిసారీ స్పానర్‌తో కొట్టి, చెవి పెట్టి ఆగేవారు. లోపల ఎలుకలేమైనా సమాధానం చెప్పాయా అని నేను ఎగతాళి చేసేదాన్ని.

బల్కంపేట ఎల్లమ్మ బోనాలు ఆ ఆదివారం. మా వంట దగ్గరుండే యాదమ్మది బోరబండ. పొద్దున్నే పని ముగించేసి, అక్క, పోతున్న, ఇగ రేపే వస్త అని చెప్పి బయల్దేరింది. సగం మంది పిల్లలు కూడా గుడికే పోయారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాన మొదలైంది. వాన కాదది, కుండపోత. కరెంటు పోయింది. సందులో బైకులు కొట్టుకుపోతున్నాయి.

మేము కిందికి వచ్చేసరికే నీళ్ళు సెల్లార్ మెట్ల మీద నుంచి లోపలికి జారుతున్నాయి. లోపల ఎవరున్నారు అని ఈయన ఒక కేక వేశారు. ఆ హోరులో నాకే సరిగా వినబడలేదు. తలుపు మూసి బోల్టులు బిగించారు. నేను ఫోన్ లైటు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. అలవాటుగా స్పానర్‌తో తలుపు మీద కొట్టి చెవి ఆనించారు.

లోపలినుంచి ఎవరో కొట్టారు.

ఇనుము మీద ఇనుముతో కొట్టిన చప్పుడు. ఎక్కడో కిందనుంచి కాదు, తలుపుకి ఆనుకుని నిలబడి కొట్టినట్టు, నా గుండె ఎత్తులో. కొట్టి, ఆ తర్వాత ఇనుముని ఇనుముతో బర్రున గీసిన చప్పుడు. నా పళ్ళు జిల్లుమన్నాయి.

నేను ఈయన వంక చూశాను. మొహంలో నెత్తురు చుక్క లేదు. స్పానర్ ఎత్తారు, విప్పుతారనే అనుకున్నాను. బోల్టుకి పెట్టి ఇంకో చుట్టు బిగించారు.

"ఏవండీ, లోపల మనిషున్నారు, తీయండి," అన్నాను.

"ఎవరూ లేరు రమా," అన్నారు. ఆ గొంతు ఈయనది కాదు. కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆ గొంతు నేను వినలేదు.

మళ్ళీ కొట్టారు లోపలినుంచి. మళ్ళీ గీశారు. ఈయన చెయ్యి ఇంకా బిగిస్తూనే ఉంది. నాకు పిచ్చి కోపం వచ్చింది. స్పానర్ లాక్కుని, ఈయన్ని పక్కకి నెట్టేసి, ఎలా విప్పానో నాకే తెలియదు, తలుపు తీశాను. మెట్టు మీద ఎవరూ లేరు. లైటు కిందికి తిప్పితే మోకాలెత్తు నీళ్ళు. ఆ చివర మోటారు దగ్గర యాదమ్మ పడి ఉంది. తల బియ్యం బస్తా మీద వాలింది కాబట్టి ముక్కు నీళ్ళపైన ఉంది. పసుపు రాసి వేపాకు కట్టిన బోనం కుండ పక్కనే తేలుతోంది, చెక్కు చెదరలేదు. అప్పుడు ఈయనకి స్పృహ వచ్చినట్టుంది. దిగి ఆమెని భుజాన వేసుకొచ్చారు.

పంజాగుట్టలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. తలకి కుట్లు పడ్డాయి. ఇంకాసేపయితే దక్కేది కాదన్నారు. చల్లగా ఉంటుంది, ఎవరి చెయ్యీ తగలదని బోనం కుండ ముందురోజే సెల్లార్‌లో దాచుకుందట. అది తీసుకుపోదామని మాకు చెప్పకుండా వెనక్కొచ్చింది. తలుపు భలే కొట్టావు, అందుకే బతికావు అన్నాను.

"నేనేడ కొట్టిన అక్కా? మోటారు కాడ జారిన, గంతే యాదికుంది. నాకు సోయే లేకుండె," అంది.

మర్నాడు నీళ్ళు తోడించాక నేనే సెల్లార్ అంతా వెతికాను. తలుపుని అలా కొట్టగలిగే ఇనప ముక్క ఒక్కటీ దొరకలేదు. ఈయన పనిముట్ల పెట్టె పైన మా గదిలోనే ఉంది. గాలికో, నీటికో, పైపులకో ఆ చప్పుడు వస్తుందేమోనని బస్తా, బకెట్, కుండ అన్నీ తలుపుకి తగిలించి చూశాను. ఏదీ అలా మోగలేదు. కానీ తలుపు లోపలివైపు, నా గుండె ఎత్తులో, కొత్త ఆకుపచ్చ పెయింట్ లేచిపోయి పొడుగ్గా ఒక గీత ఉంది. కింద మెరుస్తున్న ఇనుము.

ఈయన్ని పిలిచి చూపించాను. గీత మీద వేలు పెట్టి చివరిదాకా రాశారు. మెట్టు మీద కూలబడ్డారు.

"సింహాచలం కొట్టి ఊరుకునేవాడు కాదు. చివర్లో స్పానర్‌తో ఇలా గీసేవాడు, నేనేరా అని."

ఎందుకో ధైర్యం చేసి అడిగాను. ఆ రోజు ఓడలో జవాబే రాలేదన్నారు కదా అని.

"వచ్చింది," అన్నారు. "ఇలాగే గీశాడు."

తీసి ఉంటే ఓడ నిండా ఉన్న మనుషులు పోయేవాళ్ళు. అంత మాత్రం నాకూ తెలుసు. అయినా ఆ రాత్రి ఈయన పక్కన పడుకోవడానికి భయమేసింది, ఉన్న మాట చెబుతున్నాను.

ఆ తలుపు పీకించేశాం. వాన పడితే సెల్లార్ నిండుతుంది, నిండనీ. మా గదికి కూడా గడియ పెట్టనివ్వడం లేదు ఈయన. పద్మ ఫోన్ చేసే రోజులు దగ్గరపడ్డాయి. ఈసారి ఏం చెబుతారని నేను అడగలేదు.

ఎవరు కొట్టారంటారా? యాదమ్మేమో ఎల్లమ్మ తల్లి కాపాడిందంటుంది, ఏటా మొక్కు చెల్లిస్తానంటుంది. ఆమెకి అలా సరిపోయింది. నాకే సరిపోవడం లేదు. వచ్చినవాడు యాదమ్మని బతికించడానికే వచ్చాడా, లేక ఈయన ఈసారైనా తలుపు తీస్తారో లేదో చూడ్డానికి వచ్చాడా? ఎందుకంటే తలుపు తీసింది నేను. ఈయన తీయలేదు.