సార్ నేర్పిన మొహం

మా ల్యాబ్ సార్ చనిపోయిన సంగతి నాకు ఉప్పల్ బస్టాండులో తెలిసింది. నాతో కలిసి శిక్షణ తీసుకున్న అమ్మాయి ఎదురొచ్చి, "సార్ ఇగ లేడే, పొద్దుగాల పోయిండంట" అంది. మాటలు వినపడ్డాయి గానీ బుర్రకెక్కలేదు. నాచారం పోవాల్సిన దాన్ని ఎదురు బస్సెక్కి రామంతాపూర్‌లో దిగాను. అక్కడ ఎందుకు నిలబడ్డానో కాసేపటిదాకా నాకే తెలియలేదు.

ఎనభైల చివర్లో, ఇంటర్ అయ్యాక నన్ను ఉప్పల్‌లో ఓ మేడ మీద నడిచే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేర్పించారు. రక్తం చూస్తేనే నాకు కళ్లు తిరిగేవి. మా నాన్న నాచారంలో ఫ్యాక్టరీ మనిషి, ఎవరో "మంచి కోర్సు" అంటే నమ్మేశాడు. మొదటిసారి సూది గుచ్చడానికి సార్ తన చెయ్యే చాపారు. నేను కెవ్వుమన్నాను. "నొచ్చింది నాకు బిడ్డా, నువ్వెందుకు ఒర్రుతున్నవ్?" అని పకపకా నవ్వారు.

అన్నిటికీ నవ్వే మనిషి. స్లైడు మీద రక్తపు చుక్కను పలచగా పరవమంటే నేను మందంగా పూసేదాన్ని. "ఇది రక్తమా, ఊతప్పమా? జర చట్నీ గూడ పట్కరా" అనేవారు. పేషంట్లు కూర్చునే బల్ల దగ్గర మాత్రం ఆ నవ్వు ఉండేది కాదు.

ఎందుకో ఒకరోజు తెలిసింది. రంగు ఎక్కువై స్లైడు పాడైతే, మైక్రోస్కోపులో చూస్తూ "అయ్యో" అన్నాను. బల్ల మీద కూర్చున్నావిడ తన భర్తకు ఏదో అయిపోయిందని గొల్లుమంది. సార్ ఆమెకు నీళ్లిచ్చి, ఏమీ లేదని సముదాయించి, నన్ను పక్కకు పిలిచారు.

"ఆడ కూసున్నోళ్లు స్లైడు సూడరు బిడ్డా, నీ మొహం సూస్తరు. మొహం రిపోర్టు గాదు. రిపోర్టు డాక్టర్ సెప్తడు."

ఆ తర్వాత మాకు అదో పాఠం. మేం మైక్రోస్కోపులో కన్నుపెట్టి చూస్తుంటే ఆయన పక్కన నిలబడి జోకులు వేసేవారు. మొహం కదలకూడదు. అందరికంటే ముందు నవ్వి ఓడిపోయేది నేనే. ఇంకోమాట కూడా అనేవారు: "అడిగినోన్ని ఉత్తగ తిప్పి పంపొద్దు." ఈ రెండు మాటలూ ఒకేచోట ఎలా ఇముడుతాయో అప్పుడే అడగాల్సింది.

పోయిన ఎండాకాలం, నాచారంలో నేను పనిచేసే ల్యాబ్‌కు సార్ వచ్చారు. చిక్కిపోయారు. నీరసంగా ఉంటే డాక్టరు రక్తపరీక్ష రాశారట. రక్తం తీసుకుని, స్లైడు చేసి, చూశాను. తెల్లకణాలు కుప్పలుగా ఉన్నాయి, అన్నీ ముదరనివే. బ్లడ్ క్యాన్సర్ కణాలను మాకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది ఆయనే.

"మీరు చూస్తారా సార్?" అన్నాను.

"నేనియ్యాల పేషంటును" అన్నారు బల్ల మీద నుంచి. నా మొహం వైపే చూస్తున్నారు.

నేను మొహం కదలనివ్వలేదు. రిపోర్టు డాక్టరుగారికి పంపుతానన్నాను. ఆయన లేచి, "మంచిగ నేర్సుకున్నవ్ బిడ్డా" అని వెళ్లిపోయారు. రిపోర్టు ఆ సాయంత్రమే డాక్టరుకు చేర్పించాను.

మొన్న సార్ దినాలకు వెళ్లాను. ఆయన భార్యను మేమంతా అమ్మా అనే పిలిచేవాళ్లం. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"డాక్టరు మనిషి మీద మనిషిని పంపిండు బిడ్డా. మీ సార్ పోనే పోలే. ఎందుకు పోవంటే, ల్యాబ్‌ల మా పిల్ల మొహం సూసిన, ఏం ఫికర్ లేదన్నడు."

మీలో ఎవరికైనా అర్థమైతే నాకు చెప్పండి. నా మొహాన్ని నమ్మి ఊరుకున్నారా? నమ్మి ఉంటే, ఆయన చెప్పినట్టు నడుచుకునే ఆయన్ని పోగొట్టుకున్నాను. లేక, ఆయన్ని చూడగానే నవ్వే పిల్ల ఆ రోజు నవ్వలేదని అప్పుడే గ్రహించి, తెలిసే ఊరుకున్నారా? బస్సులో ఒకటి నిజమనిపిస్తుంది, ఇంటికొచ్చేసరికి రెండోది. ఈ పని, ఈ అన్నం ఆయన పెట్టిన భిక్షే. ఆ మనిషికి నేను మేలు చేశానో కీడు చేశానో తెలియకుండా దండం ఎలా పెట్టను?

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పరీక్ష మంచిగనే వచ్చింది గదా బిడ్డా?"

రిపోర్టు డాక్టరే చెప్పాలి అనుకున్నాను. అడిగినవాళ్లను ఉత్తగా పంపకూడదు అని కూడా అనుకున్నాను. మొహాన్ని కదలకుండా ఉంచాలని చాలా ప్రయత్నించాను.

అమ్మ నా మొహం వైపే చూసింది. కొంగుతో ముందు నా మొహం తుడిచి, అదే తడి కొంగుతో తన మొహం తుడుచుకుంది.