దారం లాగితే ముసలివాడయ్యే కోటు

2023 వసంతం. మేం వలసొచ్చిన షామ్‌బర్గ్‌ ఊళ్లో మా ఇంటి బేస్‌మెంటే నా కుట్టు దుకాణం. జాకెట్లూ లంగాలూ నాకు కొట్టిన పిండి. కానీ మా వీధిలో ఉండే శిరీష వచ్చి ఫ్రెంచి పెద్దమనిషి కోటు కుట్టమనేసరికి నా తల తిరిగింది.

ఆమె కూతురు అనన్యది అయిదో తరగతి. వాళ్ల బడిలో ఏటా పిల్లలు ప్రసిద్ధుల వేషాల్లో బొమ్మల్లా నిలబడతారు. ముందున్న కాగితం బటన్ నొక్కితే ఆ మనిషి జీవితం చెబుతారు. అనన్య ఎంచుకున్నది పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి రచయితను. పడుచుతనంలో రాజు మెచ్చిన కవి. తర్వాత చట్టసభలో పేదల కోసం గొంతెత్తాడు, చక్రవర్తిని ఎదిరించి దేశం విడిచాడు, చివరికి తెల్లగడ్డంతో తిరిగొచ్చాడు.

కిందటేడు ఈ పిల్ల నోరు పెగలక అందరి ముందూ ఏడ్చేసిందట. ఈసారైనా మాట్లాడాలని పట్టుదల.

"అక్కా, కాస్త లూజ్‌గా కుట్టు. వచ్చే ఏడాదికీ పనికొస్తుంది," అంది శిరీష. మన తల్లులంతా అనేదే! అలాగే కుట్టాను. ట్రయల్‌లో అద్దం చూసుకోగానే అనన్య కళ్లు నిండాయి.

"ఆంటీ, ఇంత లూజా! ఇది ఓల్డ్ మ్యాన్ కోట్. ఫస్ట్ నేను యంగ్ కదా!"

"మధ్యలో మార్చుకోవే తల్లీ."

"నో! స్టాచ్యూ నిలబడ్డ చోటు వదలకూడదు."

అప్పుడు వెలిగింది నాకు. వీపు మీద గుడ్డ మడిచి బేస్టింగ్ వేశాను. అంటే, తర్వాత విప్పేయడానికి వేసే పొడుగాటి కుట్టు. కోటు ఒంటికి పట్టింది. దారం కొస నడుం దగ్గర వదిలి, "ముసలివాడివి కాగానే లాగెయ్," అన్నాను.

ప్రదర్శన రోజు బటన్ నేనే నొక్కాను. అనన్య గడగడా చెప్పుకుపోతోంది. స్వదేశానికి తిరిగొచ్చే ఘట్టంలో దారం లాగింది. రాలేదు! నడుం వెనక అలంకారానికి కుట్టిన బొత్తానికి చిక్కుకుంది. పిల్ల పెదవులు వణికాయి. నాకు కిందటేటి ఏడుపు సంగతి గుర్తొచ్చింది.

అంతలోనే అనన్య ఇంగ్లీషులో అంది: "ఇన్నేళ్లు దేశం బయట ఆగాను. ఇంకొక్క నిమిషం ఆగలేనా?"

జనం ఘొల్లున నవ్వారు. అనన్య తాపీగా చిక్కు విప్పి దారం లాగింది. కోటు వదులుగా విచ్చుకుంది. జేబులోని తెల్లగడ్డం తగిలించుకుని కథ పూర్తిచేసింది. నేను ఏడ్చేశాను, దాచుకోవడమెందుకు?

"చూశావా, లూజ్‌గా కుట్టమన్నది నేనే!" అంది శిరీష, ముక్కు తుడుచుకుంటూ.

అప్పటినుంచి టేపు తీసేముందు తల్లిని అడగడం మానేశాను. పిల్లనే అడుగుతాను: "ఇది వేసుకుని ఏం చేద్దామనుకుంటున్నావమ్మా?"