సెలా

అరవైల మొదట్లో నేను ఆర్మూరుకు కోడలినై వచ్చాను. రైతులు తెచ్చిన పసుపును అమ్మిపెట్టే అడ్తి దుకాణం మా మామది. పక్కింట్లో ఒక ముసలి నర్సమ్మ ఒంటరిగా ఉండేది. మిషన్ దవాఖానలో పనిచేసి మానేసిన మనిషి. రెండు కళ్ళకూ పొరలు కమ్మి అక్షరాలు ఆనడం లేదని, తన బైబిలు చదివి వినిపించమని నన్ను అడిగింది. మా అత్త వద్దంటుందనుకున్నాను.

"నీ మొగుడు కడుపుల అడ్డం తిరిగినప్పుడు నన్ను బతికించింది గామెనే. పో, చదువు" అంది అత్త.

అలా మధ్యాహ్నాలు కీర్తనలు చదవడం మొదలైంది. మూడో కీర్తనలోనే ఆగిపోయాను. వాక్యం అయిపోయిన చోట, ముందు వెనకల దేనితోనూ కలవకుండా "సెలా" అని ఉంది.

"అవ్వా, సెలా అంటే ఏంది?"

"నాకెర్కలేదు బిడ్డా. హెబ్రీ మాటంట. ముందుకు సదువు."

చదివాను గానీ మనసు అక్కడే ఉండిపోయింది. బియ్యం ఏరుతున్నా, మిద్దె మీద పసుపు కొమ్ములు తిరగేస్తున్నా అదే మాట. తెలియని మాటను అంత దూరం నుంచి తెలుగులోకి ఎందుకు మోసుకొచ్చినట్టు? మా ఆయన్ని అడిగితే, "గా మాటతోని దుకాణం నడుస్తదా ఏంది?" అని నవ్వాడు.

భీమ్‌గల్ వైపు నుంచి సైకిల్ మీద పాస్టరు వస్తే ఆయన్నీ పట్టుకున్నాను.

"పాడేటోళ్ళను జర ఆగుమన్న గుర్తు అంటరు కొందరు. గొంతు పెంచుమన్నట్టు అంటరు ఇంకొందరు. పెద్ద పండితులకే తేలలేదమ్మా."

ఆగమనా, పెంచమనా? ఉన్న చిరాకు రెట్టింపైంది. మర్నాడు ఆ మాట వదిలేసి చదివాను.

"సెలా యాడ పోయింది?" నర్సమ్మ వెంటనే పట్టేసింది.

"అర్థం లేని మాట ఎందుకవ్వా?"

"లేదని ఎవలన్నరు? మనకు దెల్వదు, గంతే. ఉన్నది ఉన్నట్టు సదువు."

ఆ ఎండాకాలమే నిజామాబాద్‌లో ఆమె కళ్ళకు ఆపరేషన్ అయింది. మందపాటి అద్దాలతో తిరిగొచ్చి పుస్తకం తానే తెరిచింది. వేలితో వెతికి, ఆ మాట దగ్గర ఆగి, "నిన్ను గంత సతాయించిన మాట గింతనే ఉన్నది!" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఇక ఆమెకు నాతో పని లేదు.

తర్వాత మధ్యాహ్నాలు ఇంట్లో కాలు నిలవలేదు. ఆమె గడప దాకా పోవడం, వెనక్కి రావడం. ఒకనాడు ఉండబట్టలేక లోపలికి పోయాను.

"అవ్వా, నేను చదువుతనే."

ఆమె అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, పుస్తకం నా వైపు జరిపింది.