బ్యాంకాక్‌కు రైస్ కుక్కర్ దేనికి

మా చెల్లెకు ఒడిబియ్యం పోసిన రోజు చౌటుప్పల్‌లోని మా రెండు గదుల ఇంట్లో సగం జిల్లా ఉంది. మిగతా సగం జిల్లా చెప్పులు విడవడానికి జాగా దొరకక వాకిట్లోనే ఆగిపోయింది. ఎరుగనివాళ్ళ కోసం చెప్తున్నాను. పెండ్లయిన ఆడబిడ్డను కొన్నేండ్లకోసారి పుట్టింటికి పిలిచి, కొత్తచీర కట్టించి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు ఆమె ఒడిలో పోసి పంపడం మా వైపు ఆనవాయితీ. ఆ బియ్యం ఆమె అత్తగారింటికి మోసుకుపోయి, వండి, నలుగురికీ పెట్టాలి. మేం ఇచ్చేది కానుకా, పనా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

మంచినీళ్ళ కోసం వంటింట్లోకి పోతే మా అక్క ఒక్కతే ఉంది. బావ చనిపోయిన ఏడాది నుంచి అక్కకు ఒడిబియ్యం ఆగిపోయింది. మొగుడున్న ఆడబిడ్డకే పోస్తారట. ఈ నియమం ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అందుకని ముందరి గదిలో చెల్లె ఒడి నిండుతుంటే, వెనక గదిలో అక్క వచ్చినవాళ్ళందరికీ బగారన్నం చూసుకుంటోంది. ఒక చేతిలో గంటె, ఇంకో చేతిలో ఫోను. ఫోనులో బ్యాంకాక్ వీధి. అక్క ఈడుదే ఒకామె రోడ్డు పక్కన మూకుడు పెట్టి ఏదో వేయిస్తోంది. మంట ఎంత ఎత్తు లేచిందంటే, పైన పోయే విమానాలు పక్కకు తప్పుకొని ఉంటాయి.

"గీమెను చూసినవా తమ్మీ," అంది అక్క. "గంత మంటల ఒక్కతే తిప్పుతాంది. ఒక్కపారన్న పోయి గామె ముంగట కూసోవాలె. గామె చేత్తోని పెడితె తినాలె."

"దానికేముంది, తీస్కపోత," అన్నాను.

"ఏడికి, బస్టాండుకా?"

"బ్యాంకాక్‌కే."

"యాదగిరిగుట్టకు తీస్కపోతనని చెప్పి పదేండ్లాయె. గది ఆటో పొయ్యే దూరమే గద తమ్మీ."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నేరుగా ముందరి గదిలోకి పోయి, చెల్లె ఒడిలో బియ్యం పోస్తున్న ముత్తయిదువల నడుమ నిలబడి, ఎండాకాలం సెలవుల్లో అక్కను బ్యాంకాక్ తీసుకుపోతున్నానని ప్రకటించాను. చెల్లె ఒడి పట్టుకోవడం మరిచిపోయి నా దిక్కు చూసింది. పొద్దు గూకేసరికి ఈ వార్త సూర్యాపేట దాటింది.

అక్క సంగతి చెప్పాలి. మా బాపు, అమ్మ గొర్లమంద వెంట పొలాలు పట్టుకొని తిరిగేవాళ్ళు. ఇంటి పొయ్యి అక్కకు తొమ్మిదో ఏటే వచ్చింది. నేను పళ్ళెం ముందు కూర్చోవడం నేర్చుకున్న రోజుకే ఆమెకు జొన్నరొట్టె గుండ్రంగా తట్టడం వచ్చు. తర్వాత అత్తగారిల్లు. ఆ తర్వాత తిరుమలగిరి పక్కన వాళ్ళ ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం వంట. ఆమె జీవితంలో కలిపిన పప్పును ఒక దగ్గర పోస్తే మూసీ రెండు ఒడ్డులూ తెగేవి. తినడం మాత్రం ఎప్పుడూ చివర, నిలబడి. "ఉప్పు చూసి చూసి ఆకలి సచ్చిపోతది," అంటుంది.

ఆ వచ్చే ఐతారమే అక్క రెండు బస్సులు మారి మా ఇంటికి దిగింది. చేతిలో పాసుపోర్టు సైజు ఫోటోలు పన్నెండు. అన్నింట్లోనూ ఎవరినో గదమాయిస్తున్నట్టు చూస్తోంది. ఆ ఫోటోలతో పాసుపోర్టు చేతికి రావడం వెనక ఒక పురాణం ఉంది గానీ, వచ్చింది. నేను కొత్త నోటుబుక్కు తీసి ప్రయాణం రాయడం మొదలుపెట్టాను. మొదటి రోజు గుళ్ళు. పండుకున్న బుద్ధుడు ఒకాయన ఉన్నాడు. పాదాల దగ్గర బయలుదేరిన మనిషి ఆయన తల దగ్గరికి చేరేసరికి గడ్డం పెరుగుతుందని నా అంచనా. రెండో రోజు నది మీద పడవ. మూడో రోజు నీళ్ళమీది అంగడి. మా ఆవిడ నా చేతిలోంచి పెన్ను లాక్కొని మిగిలిన ఖాళీలన్నిటిలో 'బట్టల బజారు' అని రాసింది.

"ఎండకాలం ఆడ మస్తు ఉడుకపోస్తదట వదినా," అంది మా ఆవిడ.

"నల్లగొండ బండల మీద మే నెల తిరిగినోళ్ళం పిల్లా. మనల జూసి గా ఎండకే చెమట పడుతది," అంది అక్క.

నేను చదివింది మొత్తం విని, ఆమె ఒక్కటే అడిగింది.

"అన్నీ మంచిగనే ఉన్నయి. వంట ఎవలు చేస్తరు?"

"ఎవలు చెయ్యరు. బయట తింటం. గందుకే గద పోయేది."

"నాలుగు దినాలు?"

"నాలుగు దినాలు."

అక్క తర్వాతి ఐతారం వచ్చేటప్పుడు గోనెసంచిలో రైస్ కుక్కర్ తెచ్చింది. దాని కడుపులో బియ్యం, చింతపండు, కారప్పొడి, ఎల్లిపాయలు. పొట్లాలు ఎంత కుదించి సర్దిందంటే, మూత తీస్తే మళ్ళీ పెట్టే మొనగాడు రెండు జిల్లాల్లో దొరకడు.

"వదినా, గా దేశమంత వరి పొలాలేనట," అంది మా ఆవిడ. "మనం ఈడికెల్లి బియ్యం మోస్కపోవుడంటె గొర్రెకు గొంగడి కప్పినట్టే."

"మీ కోసం కాదు పిల్లా. నాకోసమే."

"హోటల్ గదిల పొయ్యి పెట్టనియ్యరు అక్కా," అన్నాను.

"పొయ్యి యాడుంది? కరెంటుదే గద. కిటికీ తెరిచి వండుత."

కుక్కర్ లేకుండా కదలనంది. కుక్కర్‌తో నేను కదలనన్నాను. అక్కడివాళ్ళు ఏం జంతువు కోసి పెడతారోనన్న అనుమానం కాబోలు అనుకున్నాను. పరాయి తిండికి అక్కను అలవాటు చేస్తే భయం పోతుందని నా పథకం. ఆ సాయంత్రమే అక్కనూ మా ఆవిడనూ హైవే పక్క రోడ్డు మీద నూడుల్స్ వేయించే బండి దగ్గరికి తీసుకుపోయాను. బ్యాంకాక్ పోయే ముందు చౌటుప్పల్‌లో ఒక మచ్చు చూద్దామన్నాను. లారీలు, దుమ్ము, మంట, మూకుడు, ప్లాస్టిక్ స్టూళ్ళు. నది ఒక్కటి లేదు గానీ, మున్సిపాలిటీ పైపు పగిలి ఆ లోటూ తీరింది.

అక్క స్టూలు మీద కూర్చుంది. నేను చెప్పిన మూడు ప్లేట్లు బండాయన విన్నాడో లేదో, అక్క లేచింది.

"అన్నా, మంట జర తగ్గియ్యి. ఎల్లిపాయ మాడుతాంది."

"కూసో వదినా," అంది మా ఆవిడ.

కూర్చుంది. మళ్ళీ లేచింది. ఈసారి బండి అటువైపు పోయింది. బండాయన క్యాబేజీ కోయడానికి వంగి లేచేసరికి గంటె అక్క చేతిలో ఉంది. మా వెనక నిలబడ్డ ఫ్యాక్టరీ షిఫ్టు వాళ్ళు నలుగురికి అక్కే వేయించి పెట్టింది. తన ప్లేటు చల్లారి గడ్డకట్టాక, బండికి ఆనుకొని నిలబడి రెండు బుక్కలు తిన్నది. బండాయన చేతులు తుడుచుకుంటూ, "అమ్మా, రేపు గూడ వస్తవా?" అని అడిగాడు. అతను ఎగతాళి చేయడం లేదు.

నేను ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాను. వాకిట్లో చెప్పులు విడుస్తూ అక్క అంది:

"నేను రాను తమ్మీ. మీరిద్దరు పొయ్యిరాండి."

"ఏమైంది? బాగలేదా తిండి?"

"తిండి మంచిగనే ఉంది. కూసొని తింటె నాకు దిగుతలేదు. ఎవలో నిలబడి చేస్తాంటె నేను కూసునుడు, తప్పు చేసినట్టే అనిపిస్తది. గందుకే గద కుక్కర్ తెస్తనన్నది. ఇంత అన్నమన్న నేను వండితె, ఇగ కూసున్నా ఏమనిపియ్యదు. నువ్వు వద్దంటివి." రెండో చెప్పు కూడా విడిచి, "గా వీడియోల ఆమెను జూసినప్పుడల్ల అనుకుంట, గామె ముంగట ఒక్కపూట గట్ల కూసుంటె ఎట్లుంటదో అని. అనుకునేతందుకు మంచిగుంటది," అంది.

రాత్రికి ఉండమంటే ఉండకుండా తిరుమలగిరి బస్సెక్కింది. కుక్కర్ మా ఇంట్లోనే మిగిలింది.

నేను నోటుబుక్కు తీసి నా నాలుగు రోజుల ప్రణాళిక మళ్ళీ చదివాను. ఎన్ని గుళ్ళు, ఎన్ని పడవలు. అక్క అడిగింది మాత్రం ఒక స్టూలు. అది బ్యాంకాక్ దాకా పోయి అడగాల్సిన వస్తువు కాదు. మా అక్క చేతి వంట గురించి నేను ఎన్ని పెండ్లిళ్ళలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఆమె గోలిచ్చిన కోడికూర వాసనకు హైవే మీద లారీలు ఆగుతాయని చెప్పాను. ఆమె తొక్కు పచ్చడి తిని ఒక ముసలాయనకు పళ్ళు తిరిగి మొలిచాయని కూడా చెప్పాను. అవన్నీ కూర్చొని చెప్పినవే. పొగడడానికి లేవనక్కర్లేదు. యాభై ఏండ్లకు దగ్గర పడ్డాను. ఆమెకు ఒక్కసారి అన్నం పెట్టిన జ్ఞాపకం కోసం ఆ రాత్రి ఎంత వెతికినా, గ్లాసెడు నీళ్ళు ఇచ్చిన జ్ఞాపకం కూడా దొరకలేదు. ఒడిబియ్యం ఆగిపోవడం ఊరి నియమం అనుకోవచ్చు. ఇది ఏ ఊరి నియమమూ కాదు, నా బద్ధకమే.

అక్కకు ఫోను చేశాను. వచ్చే ఐతారం వచ్చి నీ కుక్కర్ తీసుకుపొమ్మన్నాను. కోపంగా ఉన్నట్టు చెప్తేనే వస్తుందని తెలుసు.

ఆ ఐతారం పొద్దున మా ఆవిడను వంటింట్లోంచి పంపేశాను. ఫోనులో బ్యాంకాక్ ఆమె వేయించింది కోడికూర, అదే చేయాలని నా పట్టు. తొమ్మిదిసార్లు వీడియో చూశాను. అందులో ఆమె చివర గుప్పెడు తులసాకు లాంటిది వేసింది. నేను తులసికోట దగ్గరికి పోతుంటే మా ఆవిడ అడ్డం నిలబడింది.

"కోడికూరల తులసమ్మనా? నీకేమన్న పురుగు కుట్టిందా?"

"మరేం వెయ్యాలె?"

"పుదీన ఉంది, గది ఏస్కో. గా మొక్క మీద చెయ్యి పడితె నువ్వు ఒక్కనివే పోతవ్ బ్యాంకాక్‌కు."

అక్క వచ్చేసరికి ఇంట్లో ఎంత పొగ అంటే, పక్కింటివాళ్ళు దోమల మందు కొట్టే బండి వచ్చిందనుకొని కిటికీలు మూసుకున్నారు. నేను అక్కను గుమ్మంలోనే పట్టుకొని, ముందరి గదిలో కుర్చీలో కూర్చోబెట్టాను.

"ఏందిది? నువ్వు వండుతున్నవా?" అంది.

"ఊఁ. నువ్వు లేస్తే టికెట్ లేదు."

"నేను రానని చెప్పిన గద."

"రాకు. కూసో."

మొదటిసారి మిరపకాయ ఘాటుకు లేచింది. మా ఆవిడ చేయి పట్టి కూర్చోబెట్టింది. రెండోసారి మూకుడు నా చేతిలోంచి జారిన చప్పుడుకు లేచింది. ఈసారి ఆమెను కూర్చోబెట్టడానికి మా ఆవిడ రెండు చేతులూ పట్టుకోవాల్సి వచ్చింది. "వదినా, గాయినె చెయ్యి కాల్తె కాలనియ్యి. దవాఖాన దగ్గర్నే ఉంది," అంటోంది.

అన్నం, కూర పళ్ళెంలో పెట్టి అక్క ముందు పెట్టాను. మా ఇద్దరికీ పెట్టుకోలేదు. నిలబడ్డాం. అక్క పళ్ళెం వంక చూసింది, మా వంక చూసింది.

"మీరు తినరా?"

"నీ తర్వాత."

చాలాసేపు చేయి పెట్టలేదు. నేను మామూలుగా ఇలాంటిచోట ఒక మాట విసిరి నవ్విస్తాను. ఆ రోజు నోరు మూసుకున్నాను. అక్క కలుపుకొని ఒక బుక్క తిన్నది. ఇంకో బుక్క తిన్నది.

"ఉప్పు లేదు," అంది.

"వద్దైతే ఇడిసిపెట్టు."

"ఉప్పు లేదన్న. వద్దన్ననా?"

మా ఆవిడ ఉప్పు తెచ్చింది. అక్క వేసుకొని, కోడిముక్క అడుగు మాడిందనీ, ఎల్లిపాయ ముందు వేయాల్సిందనీ, పుదీన ఎందుకు వేశావురా అనీ వరుసగా తప్పులు చెప్తూ తిన్నది. చెప్తూ చెప్తూ పళ్ళెం ముందుకు జరిపింది.

"ఇంకింత పెట్టు."

పెట్టాను. అది కూడా కూర్చొనే తిన్నది. చేయి కడుక్కోవడానికి లేవబోతుంటే మా ఆవిడ గిన్నెలో నీళ్ళు తెచ్చి ముందు పట్టింది. అక్క ఆ గిన్నెలో చేయి కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అడిగింది:

"గా బ్యాంకాక్ ఆమె ముంగట గూడ నేను లేస్తె ఎట్ల?"

"లెవ్వకు."

"నాకు తెల్వకుండనే లేస్త తమ్మీ. బండికాడ జూసినవ్ గద."

"మరేం చెయ్యమంటవ్?"

"చెయ్యి పట్టుకో. ఇడువకు."

"పట్టుకుంట."

మూడు టికెట్లు ఆ సాయంత్రమే తీసుకున్నాం.